పాడిన గొంతులే వేదికెక్కాయి: ‘సకురా తైసేన్’ పాటలు, రంగస్థలం

నౌకాదళ శిక్షణ ముగించుకున్న యువ అధికారి ఒకడు రహస్య సైనిక దళానికి నాయకత్వం వహించడానికి టోక్యో వస్తాడు. తీరా చూస్తే అతన్ని పంపిన చోటు గింజా ప్రాంతంలోని ఒక నాటకశాల. అక్కడ అతనికి అప్పగించిన పని, గేటు దగ్గర నిలబడి ప్రేక్షకుల టిక్కెట్లు చించడం. 1996 సెప్టెంబరు 27న సెగా సాటర్న్ అనే గేమ్ యంత్రం కోసం జపాన్‌లో విడుదలైన ‘సకురా తైసేన్’ అనే వీడియో గేమ్ ఇలా మొదలవుతుంది. బయటి దేశాల్లో దీన్ని ‘సకురా వార్స్’ అంటారు. ఆ యువకుడి పేరు ఇచిరో ఓగమి. ఆట ఆడేవాళ్లు అతని కళ్లతోనే కథంతా చూస్తారు.

ఆ నాటకశాలలో నటించే అమ్మాయిలే ఆ రహస్య దళం. మామూలు రోజుల్లో ముఖానికి రంగేసుకుని పాడతారు, ఆడతారు. నగరం మీదికి దుష్టశక్తులు వచ్చిన రోజున ఆవిరితో నడిచే ఇనుప కవచాల్లోకి ఎక్కి యుద్ధానికి దిగుతారు. ఇలాంటి కథలో పాట అలంకారంగా ఉండదు. అది పాత్రల వృత్తి, వాళ్ల బతుకుతెరువు. అందుకే ఈ ఆట పాటలను సీడీలో వింటే సగమే అందుతుంది. 1997 నుంచి 2006 వరకు ఏటా వేదిక మీద జరిగిన ‘కయో షో’ అనే పాటల నాటక ప్రదర్శనల్లో మిగతా సగం ఉంది.

దళం పేరులోనే ఈ రెండు జీవితాలూ ఉన్నాయి. జపనీస్‌లో ‘కగెకిదాన్’ అంటే సంగీత నాటక సమాజం. ఆట సృష్టికర్త ఓజి హిరోయి బృందం అదే ఉచ్చారణను ఉంచి, రాసే అక్షరాలను మార్చింది. పాట, నాటకం అనే అర్థాలున్న అక్షరాల చోట పువ్వు, దెబ్బ అనే అర్థాలున్నవి వచ్చాయి. చెవికి అది నాటక సమాజం, కంటికి పూల దాడి దళం. ఒకే పద్యంలో రెండు కథలు నడిపించిన ద్వ్యర్థి కావ్యాలున్న భాష మనది కాబట్టి ఈ శ్లేష రుచి తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. కాలం విషయంలోనూ ఇదే పని చేశారు. కథ జరిగేది తైషో 12వ ఏట, అంటే 1923లో. అయితే ‘తైషో’ రాసేటప్పుడు మొదటి అక్షరానికి ఒక చిన్న గీత అదనంగా చేర్చారు. ఆ గీతతో అది మరో చరిత్ర అయిపోయింది. నిజమైన 1923లో సెప్టెంబరు 1న వచ్చిన మహా భూకంపం టోక్యోను నేలమట్టం చేసింది, మంటలు మిగిలినదాన్ని కాల్చేశాయి. ఆటలోని టోక్యోలో మాత్రం వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయి, నాటకశాల ముందు జనం వరుస కడుతూనే ఉంటారు. ఈ ఆట పాటల్లో పాతకాలపు హుషారు వెనక ఒక సన్నని బెంగ వినిపిస్తుంది. ఆ బెంగకు మూలం పోగొట్టుకున్న ఆ నగరమే అనిపిస్తుంది.

ఈ ఊహకు అసలు జీవితంలో ఆధారం తకరాజుకా. రైల్వే వ్యాపారి ఇచిజో కొబయాషి 1913లో మొదలుపెట్టిన ఈ స్త్రీల సమాజం 1914లో తొలి ప్రదర్శన ఇచ్చింది. వేడినీటి ఊటల ఊరైన తకరాజుకాలో జనం రాక మూలపడ్డ ఈతకొలనునే వాళ్లు నాటకశాలగా మార్చుకున్నారు. మగ పాత్రలు కూడా ఆడవాళ్లే వేయడం అక్కడి సంప్రదాయం. ఆ సమాజంలోని జట్లకు పువ్వు, చంద్రుడు, మంచు, నక్షత్రం వంటి పేర్లుంటాయి. సకురా తైసేన్‌లో నటీమణుల జట్టు ‘హనగుమి’, అంటే పూల జట్టు. రష్యన్ నెత్తురున్న మరియా తచిబానా అందులో మగ వేషాలు కట్టే నటి. తకరాజుకా చూసి పెరిగిన జపాన్ ప్రేక్షకులకు ఇదంతా ఇంటి విషయమే.

అయితే వీడియో గేమ్‌లో మనిషి గొంతు పూర్తి పాటగా వినిపించడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. మన దగ్గర పిల్లలు ‘క్యాసెట్’ అని పిలిచిన చిప్పు డబ్బాల్లో స్థలం చాలా తక్కువ. నింటెండో వారి సూపర్ ఫామికామ్ యంత్రం కోసం వచ్చిన అతి పెద్ద క్యాసెట్‌లోనూ 6 మెగాబైట్లే పట్టేవి. సీడీ నాణ్యతతో రికార్డు చేసిన పాట నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు తింటుంది. అంటే ఒక్క నిమిషం పాటకే ఆ క్యాసెట్ చాలదు. 1995లో ‘టేల్స్ ఆఫ్ ఫాంటాసియా’ అనే ఆట తయారీదారులు నాణ్యత బాగా తగ్గించి ఒక పాటను క్యాసెట్‌లో ఇరికించినప్పుడు జనం అబ్బురపడింది అందుకే. సాటర్న్ సీడీలతో నడిచే యంత్రం. సకురా తైసేన్ రెండు సీడీల్లో వచ్చింది. వందల మెగాబైట్ల చోటు దొరకడంతో స్టూడియోలో వాద్యబృందంతో, కోరస్‌తో రికార్డు చేసిన పాట ఇంట్లోని టీవీలోంచి వినిపించింది. కాకపోతే అదే చోటు అప్పట్లో ఇంకా చాలా ఆటలకు దొరికింది. వాటిలో ఎక్కువ భాగం దాన్ని సినిమా లాంటి దృశ్యాలకు వాడుకున్నాయి. సకురా తైసేన్ దాన్ని పాటకు, నాటకానికి ఇచ్చింది.

సంగీతం సమకూర్చినవారు కోహెయ్ తనకా. వన్ పీస్ చూసే తెలుగు పిల్లలకు ఈయన పేరు తెలియకపోయినా బాణీ తెలుసు. 1999లో మొదలైన ఆ ధారావాహిక తొలి ప్రారంభ గీతం ఈయనదే. సకురా తైసేన్ పాటల్లో చాలావాటికి సాహిత్యం హిరోయి రాశారు. ముఖ్యగీతం ‘గెకి! తెయ్‌కోకు కగెకిదాన్’. అభిమానులు దాన్ని ముద్దుగా ‘గెకితెయ్’ అంటారు. ట్రంపెట్ల పిలుపుతో మొదలై, సైనికుల కవాతు నడకలో సాగి, కోరస్‌తో ఎగిసే పాట అది. పిల్లల వీరగాథా ధారావాహికల శీర్షిక గీతాల్లోని ఉప్పెన అందులో ఉంది. వెనకటి తరం రేడియోలో విన్న కయో పాటల తీరూ ఉంది. పూర్తి పాటలో ఒకచోట రాగం వెనక్కి తగ్గి, కథానాయిక సకురా షింగూజి నేరుగా మాటలతో ప్రతిజ్ఞ చేస్తుంది. ఆ తర్వాత పాట మళ్లీ అందుకుంటుంది.

ఆ మాటల చోటే ఈ పాట స్వభావాన్ని బయటపెడుతుంది. పాప్ గీతం పాడే గాయని మధ్యలో పాత్రగా మాట్లాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇక్కడ అది సహజం, ఎందుకంటే పాడుతున్నది గాయని చిసా యోకోయామా కాదు, పాత్ర సకురా. యోకోయామా ఆ పాత్రకు గొంతిచ్చిన నటి. తక్కిన పాటలకూ ఇదే సూత్రం. ప్రతి అమ్మాయికీ ఆమె స్వభావం నుంచి పుట్టిన పాటలున్నాయి. గొప్పింటి గర్వం నిండిన సుమిరే కంజాకి పాటలో విలాసం ఉంటుంది, ఒకినావా నుంచి వచ్చిన కరాటే యోధురాలు కన్నా కిరిషిమా పాటలో పొగరులేని బలం ఉంటుంది, ఫ్రెంచ్ చిన్నారి ఐరిస్ పాటలో ఆటబొమ్మల గది ఉంటుంది. జాజ్, ఆపెరెట్టా (తేలికపాటి సంగీత నాటకం), షాన్సన్ (ఫ్రెంచ్ పాట), పల్లెపాట ఏదైనా సరే, పాత్రకు నప్పితేనే తనకా దాన్ని తీసుకున్నారు. పాడేవాళ్లందరూ శిక్షణ పొందిన గాయనులు కారు. కొన్ని స్వరాలు గట్టిగా నిలవవు, కొన్ని చోట్ల శ్రుతి కన్నా భావమే ముందుంటుంది. సంగీతపరంగా అది లోపమే. పాత్ర పాడుతోందన్న నమ్మకానికి మాత్రం ఆ లోపం సాయం చేసింది. మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్లు పడింది కూడా శాస్త్రం తప్పని గొంతుకని కాదు, పాత్ర గుండె పట్టుకున్న గొంతుకు.

ఆట వచ్చి ఏడాది తిరగకముందే, 1997 జూలైలో, టోక్యో షింజుకులోని కోసెయ్ నెన్కిన్ కైకాన్‌లో తొలి కయో షో జరిగింది. అమ్మాయిలకు గొంతిచ్చిన నటీమణులే ఆ వేషాలు కట్టుకుని వేదికెక్కారు. నాటకం పేరు ‘ఐ యుయే ని’, అంటే ‘ప్రేమ కోసం’. ఆటలో హనగుమి ఆడే నాటకం పేరూ అదే. తెర మీద బొమ్మలుగా కనిపించిన నాటకం నిజమైన తెర లేచాక నిజమైన మనుషులతో మొదలైంది.

కయో షో అన్న పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. జపాన్‌లో ఎంకా అనే పాతకాలపు శైలి పాటలు పాడే పేరున్న గాయకులు పెద్ద హాళ్లలో రోజుల తరబడి ఇచ్చే ప్రదర్శనలకు ఒక పాత పద్ధతి ఉంది. మొదటి సగం ఆ గాయకుడే నాయకుడిగా నాటకం, రెండో సగం పాటల కచేరీ. ఆ కచేరీ భాగాన్నే కయో షో అంటారు. అమ్మమ్మలు తాతయ్యలు టిక్కెట్టు కొని వెళ్లే వినోదం అది. వీడియో గేమ్ ఆడే కుర్రకారు కోసం హిరోయి ఆ పాత చట్రాన్నే తీసుకొచ్చారు. నాటకశాల తెర వెనక జరిగే కథ, దాని లోపల వాళ్లు ఆడే నాటకం, పాటలు, చివర అందరూ కలిసి గెకితెయ్. ఆ ముగింపు పాటకు ప్రేక్షకులూ లేచి నిలబడి, అభినయం నేర్చుకుని మరీ కలిసి ఆడేవారు. తర్వాతి ఏళ్లలో ‘ఎనిమిది కుక్కల వీరుల కథ’, ‘నిధి దీవి’, ‘పశ్చిమ యాత్ర’, ‘నీలి పక్షి’ లాంటి ప్రసిద్ధ కథలను హనగుమి తన తీరులో ఆడింది. ప్రతిదానికీ కొత్త పాటలు పుట్టాయి. అంటే ఆటలో లేని పాటలు వేదిక మీద పుట్టి పాత్రలకు అతుక్కున్నాయి. ఆట మూలం, నాటకం నకలు అనే లెక్క ఇక్కడ చెల్లదు.

ఈ ప్రదర్శనల్లో ప్రేక్షకుడి స్థానం ఇంకా ఆసక్తికరం. ఆట ఆడేటప్పుడు అతను గేటు దగ్గర టిక్కెట్లు చించిన ఓగమి. తెర వెనక గొడవలు తెలుసు, ఎవరికి ఏ భయం ఉందో తెలుసు, సుమిరే కన్నాల కీచులాట వెనక ఎంత ఆప్యాయత ఉందో తెలుసు. ఇప్పుడు అదే మనిషి తన టిక్కెట్టు చింపించుకుని హాల్లో కూర్చుంటాడు. కచేరీకి వచ్చిన అభిమాని గాయనిని చూడ్డానికి వస్తాడు. కయో షోకి వచ్చినవాడు తనకు తెలిసిన నాటకశాలకు వచ్చాడు. అక్కడ కూర్చోవడమే కథలో పాలుపంచుకోవడం. వేదిక ప్రచార సాధనం కాకుండా కథలో భాగం అయ్యింది ఈ కారణం చేతే. సైన్యం కథకో, మంత్రగాళ్ల కథకో పాటల ప్రదర్శన పెడితే ఎంత బాగా చేసినా అది కథ బయటే ఉంటుంది.

బొమ్మల కథలు వేదికెక్కడం అప్పటికే ఉంది. ‘సైలర్ మూన్’ సంగీత నాటకాలు 1993లోనే మొదలయ్యాయి. వాటిలో టీవీలో గొంతిచ్చినవాళ్లు వేరు, వేదిక మీద నటించినవాళ్లు వేరు. పాత్రలాగా కనిపించే యువతులను ఎంచుకుని వేదికెక్కించారు. ఇప్పుడు ‘రెండున్నర కొలతల నాటకం’ అని పిలుస్తున్న ప్రక్రియ అంతా ఈ దారిలోనే పెరిగింది. బల్లపరుపు బొమ్మకూ నిలువెత్తు మనిషికీ మధ్యస్థంగా ఉంటుందని ఆ పేరు. కయో షో ఎదురు దారి పట్టింది. ముఖం, వయసు, ఎత్తు కలవకపోయినా ఫర్వాలేదు, గొంతు మాత్రం అదే ఉండాలి. పదేళ్ల ఐరిస్‌ను ఎదిగిన మహిళ కుమికో నిషిహారా వేసేవారు. వన్ పీస్‌లో కథానాయకుడు లూఫీకి ప్రాణం పోసిన మయుమి తనకా భారీకాయురాలు కన్నా వేషం కట్టేవారు. బొమ్మలో కన్నా ఆకాశమంత ఎత్తు, మయుమి తనకా పొట్టి మనిషి. నోరు విప్పగానే ఆ తేడా ప్రేక్షకుల మనసులోంచి జారిపోయేది. ఆడవాళ్లు మగ వేషాలు కట్టే తకరాజుకా, మగవాళ్లు ఆడ వేషాలు కట్టే కబుకి ఉన్న దేశంలో ఇలాంటి ఒప్పందం ప్రేక్షకులకు కష్టం కాలేదు. మన రంగస్థలం మీద స్థానం నరసింహారావు సత్యభామగా నడిచి వస్తుంటే నమ్మిన ప్రేక్షకులకూ కష్టం కాదు.

గొంతునూ మనిషినీ ఇలా ముడివేస్తే ఒక చిక్కు వస్తుంది. మనిషి తప్పుకుంటే పాత్ర ఏమవుతుంది? సుమిరే విషయంలో ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. ఆ పాత్రధారిణి మిచియే తొమిజావా తప్పుకున్నప్పుడు వేరే నటిని పెట్టుకోవడం తేలిక. డబ్బింగ్ రంగంలో అది రోజూ జరిగేదే. సకురా తైసేన్ బృందం అలా చేయలేదు. సుమిరే పాత్రనే రంగం నుంచి విరమింపజేసింది. 2002 జనవరిలో జరిగిన కొత్త సంవత్సరపు కయో షో సుమిరే వీడ్కోలు ప్రదర్శనగా సాగింది. అదే ఏడాది ఆమె విరమణ మీద ప్రత్యేకంగా ఒక యానిమేషన్ చిత్రం కూడా వచ్చింది. కవచాన్ని నడిపే ఆత్మశక్తి సన్నగిల్లడంతో ఆమె వేదికకు, యుద్ధానికి సెలవు చెప్పిందని కథలో కారణం. నటి వీడ్కోలు, పాత్ర వీడ్కోలు ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీద, ఒకే కన్నీళ్లతో జరిగాయి.

దీని బరువు తెలియాలంటే తొమిజావా మరో పాత్రను పక్కన పెట్టి చూడాలి. 1990ల సైలర్ మూన్ ధారావాహికలో సైలర్ మార్స్ గొంతు ఆమెదే. 2014లో ఆ కథను ‘క్రిస్టల్’ పేరుతో కొత్తగా తీసినప్పుడు మార్స్‌కు వేరే నటి గొంతిచ్చారు. అందులో తప్పేమీ లేదు. మార్స్ బొమ్మ, గొంతు దానికి తొడిగే చొక్కా. సుమిరేకు ఆ వెసులుబాటు లేదు. ఐదేళ్ల పాటు వేల మంది ఎదుట చెమటోడ్చి, ఊదా రంగు కిమోనోలో మెట్లు దిగి, వెక్కిరించి, పాడి, నవ్వించిన మనిషి ఆమె. ఆ మనిషిని మార్చడం పాత్రను మార్చడమే. గేమ్ పాత్రలకు వయసు రాదు, అలసట రాదు, అదే వాటి వ్యాపార బలం. ఆ బలాన్ని వదులుకోవడం వల్ల ఈ పాత్రలకు మరే గేమ్ పాత్రకూ దొరకనిది దొరికింది: ముగిసే జీవితం. సకురా తైసేన్ వదిలిన వాటిలో ఇదే అన్నిటికన్నా విలువైనదని చెప్పాలి.

ఆ వరుసలో తక్కిన భాగాల కథ త్వరగా చెప్పేయవచ్చు. 2001లో వచ్చిన మూడో భాగం పారిస్‌కు మారింది. అక్కడి దళానికి ముసుగు నాటకశాల కాదు, ‘షా నువార్’ అనే క్యాబరే. దానికి తగ్గట్టు పాటలూ వేదికా మారాయి. 2005లో ఐదో భాగం న్యూయార్క్ చేరింది. టోక్యో హనగుమి వార్షిక ప్రదర్శనలు 2006లో ముగిశాయి. చివరి నాటకం పేరు ‘షిన్ ఐ యుయే ని’, అంటే ‘ప్రేమ కోసం’ నాటకానికి కొత్త రూపం. మొదలుపెట్టిన నాటకాన్నే తిరగరాసి ఆడి తెర దించారు. 2008లో టోక్యోలోని నిప్పోన్ బుడోకాన్ అనే పెద్ద హాల్లో మూడు నగరాల దళాలూ కలిసి పాడాయి. కయో షోలకు దర్శకత్వం వహించిన ఇసాము కయానో తర్వాత మరో గేమ్ ఆధారంగా 2015లో మొదలైన ‘తోకెన్ రన్బు’ సంగీత నాటకాలకు దర్శకుడయ్యారు. ఈ రోజు జపాన్‌లో గేమ్‌ల నుంచి పుట్టిన నాటకాలకు ఆదరణ ఉందంటే, అందులో కయో షో వేసిన బాట కూడా ఉంది.

2019 డిసెంబరు 12న ప్లేస్టేషన్ 4 కోసం ‘షిన్ సకురా తైసేన్’ వచ్చింది. పాత్రలు కొత్తవి, నటీనటులు కొత్తవాళ్లు. ముఖ్యగీతం మాత్రం గెకితెయ్ కొత్త రూపమే, చేసింది మళ్లీ కోహెయ్ తనకా. దీనికి 2020లో రంగస్థల నాటకం కూడా వచ్చింది. ఈసారి గేమ్‌లో గొంతిచ్చినవాళ్లు వేరు, వేదికెక్కినవాళ్లు వేరు. అంటే కయో షో పాత కట్టుబాటు ఇక్కడ సడలింది. యువ నటులు బాగా పాడారు, బాగా ఆడారు. ఒకే మనిషి గొంతు పదేళ్ల పాటు ఒకే పాత్రను మోస్తే వచ్చే సాంద్రత మాత్రం ఈ పద్ధతిలో రాదు.

కానీ ఆ కొత్త ఆటలో పాత కట్టుబాటు ఒకచోట నిలిచి ఉంది. కథ తైషో 29వ ఏట జరుగుతుంది. పదేళ్ల కిందటి మహాయుద్ధంలో టోక్యో, పారిస్, న్యూయార్క్ దళాలు మూడూ లోకం నుంచి మాయమయ్యాయి. సకురా లేదు, మరియా లేదు, కన్నా లేదు. అంతకు ముందే విరమించుకుంది కాబట్టి సుమిరే ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఆమె ఆ నాటకశాలకు నిర్వాహకురాలు. ఆమెకు గొంతిచ్చింది మిచియే తొమిజావానే. 2020లో ఈ ఆట ఇంగ్లీషులోనూ వచ్చింది. అంతకు ముందు ఆ భాషలోకి వెళ్లింది 2010లో ఐదో భాగం ఒక్కటే. కాబట్టి బయటి దేశాల్లో చాలా మందికి సుమిరే కేవలం కఠినంగా మాట్లాడే ఒక అధికారిణిగా కనిపించి ఉంటుంది. కయో షో చూసినవాళ్లకు ఆ గదిలో ఉన్నది 2002 జనవరిలో తమ ముందు నిలబడి సెలవు తీసుకున్న మనిషి. కొత్త జట్టు నాటకం ఘోరంగా ఆడుతుంది, హాల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి, నాటకశాల అప్పుల్లో ఉంటుంది. గేటు దగ్గర టిక్కెట్లు చించడానికి మళ్లీ ఒక యువ నౌకాదళ అధికారి వస్తాడు. అతనికి పని అప్పగించేది సుమిరే.